మాడు పొగ: కృష్ణా మెట్టలో నిప్పుకూ తడికీ మధ్య నాలుగు శతాబ్దాలు

పొగలో మాడు రుచి పుట్టేది వేడికి సరిపడా తడి అందనప్పుడు. చుట్ట, హుక్కా, బ్యాటరీతో నడిచే ఈ-సిగరెట్ మూడింటిలోనూ జరిగేది ఇదే. ఈ-సిగరెట్‌లో కాయిల్ (వేడెక్కే తీగ చుట్లు), ద్రవం పీల్చే వత్తి మార్చుకునేవారు తరచూ చెప్పే ఫిర్యాదు కూడా మాడు దమ్మే. ఆ మాడును తప్పించే ప్రయత్నం వెనుక పొగాకు తడిని కాపాడే పని ఒకటి, పత్తితో ద్రవాన్ని పీల్పించే పని మరొకటి ఉన్నాయి. ఈ రెండు పంటలనూ ఎరిగిన నేల నందిగామ, జగ్గయ్యపేటల మెట్ట. అంతకుముందు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగం.

పొగాకు తెలుగు నేలకు సముద్రం మీదుగా వచ్చింది. 17వ శతాబ్ది తొలి దశాబ్దాలకే గోల్కొండ రాజ్యపు తీర ప్రాంతంలో అది పంటగా పాతుకుపోయి, మచిలీపట్నం రేవు నుంచి ఎగుమతి కూడా అయ్యేది. ఆ రేవును గోల్కొండతో కలిపే బాట పెనుగంచిప్రోలు మీదుగా ఈ మెట్టను దాటుకుని పోయేది. కొత్త అలవాటు లోపలి ఊళ్లకు పాకడానికి బళ్ల బాటను మించిన సాధనం అక్కర్లేదు. తర్వాతి కాలంలో మచిలీపట్నం నస్యం ఇంగ్లండులోనూ పేరు తెచ్చుకుంది. అది చెమ్మగా ఉండే నస్యం.

వరికి నీరందని నల్లరేగళ్లలో జొన్న, అపరాలు, మిరప, పత్తి పక్కనే పొగాకు కూడా చోటు చేసుకుంది. వానలు వెనుకబట్టాక నాటితే, నేలలో నిలిచిన తేమతోనే ఎదిగి చేతికొచ్చే పంట ఇది. నాటు పొగాకును కోసి, తోరణాలు గుచ్చి, పందిళ్ల మీద ఎండకు ఆరబెట్టేవారు. ఎండిన ఆకును పట్టపగలు ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది. అందుకే తెల్లవారుజామున, మంచుకు ఆకు మెత్తబడినప్పుడు దించేవారు. రైతులు దీన్నే పదును అంటారు. పదును మీద ఉన్న ఆకును మండె వేసి, లోపలి వేడికి మగ్గనిచ్చి, అవసరమైనప్పుడు తిరగేసేవారు. మండెలో తడి ఎక్కువైతే ఆకు బూజు పడుతుంది, తక్కువైతే మగ్గదు. ఈ అంచనా అంతా వేళ్ల స్పర్శతోనే నడిచింది.

ఆ పదును చుట్టలోనూ తెలుస్తుంది. గలగలలాడే ఆకుతో చుట్టిన చుట్ట గబగబా కాలిపోతుంది, పొగ వేడిగా వచ్చి నాలుకను చురుక్కుమనిపిస్తుంది. తడి మిగిలిన చుట్ట మాటిమాటికీ ఆరిపోతుంది. దాన్ని మళ్లీ అంటిస్తే పాత మసి, తారు కాలి చేదెక్కుతాయి. హుక్కా తాగేవారు ఈ చిక్కును మరో దారిలో తప్పించుకున్నారు. పొగాకును బెల్లపు మడ్డితో ముద్ద చేసి చిలుములో పెట్టేవారు, బొగ్గుల వేడికి ముద్ద మాడకుండా ఆ జిగురు తడి అడ్డుపడేది. కిందనున్న నీరు పొగను చల్లార్చేది. చల్లబడ్డ పొగ హాని చేయదనే నమ్మకం మాత్రం తప్పు. నికోటిన్‌నూ కార్బన్ మోనాక్సైడ్‌నూ ఆపే శక్తి ఆ నీటికి లేదు.

20వ శతాబ్దిలో ఈ తడి, వేడి లెక్క రైతు వేళ్ల నుంచి థర్మామీటరుకు మారింది. 1912లో ఏర్పడిన ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ గుంటూరు కేంద్రంగా వర్జీనియా పొగాకును ప్రోత్సహించింది. 1920ల నుంచి కృష్ణా, గుంటూరు ప్రాంతపు నల్లరేగళ్లలో బ్యారన్లు లేచాయి. ఎత్తైన గోడల ఆ గదిలో కర్రలకు కట్టిన పచ్చి ఆకు వరసలుగా వేలాడుతుంది. బయటి పొయ్యి నుంచి వచ్చే వేడి నేల మీది రేకు గొట్టాల్లో తిరిగి, పొగ మాత్రం చిమ్నీ గుండా బయటికి పోతుంది. అంటే ఆకుకు వేడి తగలాలి గానీ పొగ తగలకూడదు.

కాల్పు సుమారు ఐదారు రోజులు సాగుతుంది. ముందు 35 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా, గాలిలో తేమ నిలిపి ఆకును పసుపు రంగుకు తెస్తారు. తర్వాత కిటికీలు కొద్దికొద్దిగా తెరుస్తూ వేడి పెంచి ఆ రంగును నిలబెడతారు. చివర ఈనె ఎండేందుకు వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. మధ్య దశే గండం. ఆకులో నీరు ఇంకా నిండుగా ఉండగా వేడి తొందరపడితే, ఆకు ఉడికి నల్లబడుతుంది. కాల్పు ముగిశాక తలుపులు తెరిచి రాత్రి తేమను లోపలికి రానిస్తారు, ఎందుకంటే అప్పటికి ఆకు చేయి వేస్తే విరిగేంత ఎండి ఉంటుంది. యంత్రం వచ్చినా పదును అక్కర తీరలేదు.

మంట తీరు కొంతవరకు నేలలోనే నిర్ణయమవుతుంది. ఉప్పు నీరు పెట్టిన చేలో ఆకు క్లోరైడును పోగుచేసుకుంటుంది. అది తేమను పీల్చి అంటిపెట్టుకుంటుంది, నిప్పును సాఫీగా నడవనివ్వదు. పొటాష్ బాగా అందిన ఆకు ఇందుకు భిన్నంగా నిలకడగా కాలుతుంది. 1947లో రాజమండ్రిలో ఏర్పడిన కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ ఇలాంటి ప్రశ్నలపైనే పనిచేసింది. 1976లో గుంటూరు ప్రధాన కార్యాలయంగా పొగాకు బోర్డు మొదలైంది, 1985లో ఆంధ్రప్రదేశ్‌లో వేలం పాటలు వచ్చాయి. ధరల దెబ్బలు, 2000-01లో ప్రకటించిన పంట విరామం చూసిన పొగాకు రైతుకు పత్తి, మిరప ప్రత్యామ్నాయాలుగా ఎప్పుడూ ఉన్నాయి. నేడు నందిగామ, జగ్గయ్యపేట చుట్టూ చేలలో కనిపించేవి ఎక్కువగా అవే.

సిగరెట్ కర్మాగారాలు తరిగిన ఆకు ఎండిపోకుండా గ్లిసరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ కలుపుతాయి. ఈ-సిగరెట్‌లో ఆకు పోయి, ఆ తడి కాపలాదార్లే మిగిలాయి. పొగాకు లేని పొగ గొట్టానికి అమెరికావాసి హెర్బర్ట్ గిల్బర్ట్ 1965లోనే పేటెంటు పొందినా, అది సరుకుగా అంగడికెక్కలేదు. నేటి పరికరానికి మూలం 2003లో చైనా ఫార్మసిస్టు హాన్ లిక్ రూపొందించినది. ఆయన మొదటి నమూనా ద్రవాన్ని అతిధ్వని కంపనాలతో చిమ్మేది. తర్వాత వేడెక్కే తీగ, దానిలోంచి దూరిన వత్తి స్థిరపడ్డాయి. ఆ తీగ సాధారణంగా నైక్రోమ్ గానీ, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంథాల్ గానీ అవుతుంది. నిజానికి రెండూ హీటర్లకూ కొలుములకూ పుట్టిన మిశ్రలోహాలు.

ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల దగ్గర, గ్లిసరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ద్రవం ఆవిరవుతున్నంతసేపూ వేడిని తానే తీసుకుపోతుంది కాబట్టి తీగ ఉష్ణోగ్రత అదుపులో ఉంటుంది. వత్తి ఎండితే ఆ అదుపు పోయి పత్తి నల్లబడుతుంది. వత్తిని బిగించి కూరితే ద్రవం పాకడానికి సందు ఉండదు, వదులుగా ఉంచితే వత్తి ఆనని చోట తీగ పొడిగా వేడెక్కుతుంది. తీగ చుట్లు సమంగా లేకపోతే ఒక్కచోటే ఎర్రబడుతుంది. 3.7 వోల్టుల బ్యాటరీకి ఒక ఓమ్ కాయిల్ తగిలిస్తే దాదాపు 14 వాట్లు, అర ఓమ్ తగిలిస్తే 27 వాట్లు ఖర్చవుతాయి. వత్తి మాత్రం అదే. కొత్త వత్తి పూర్తిగా నానకముందే పీల్చినా, దమ్ము మీద దమ్ము లాగినా, గ్లిసరిన్ పాలు పెరిగి ద్రవం చిక్కబడినా ఫలితం మాడు దమ్మే. తీపి కలిపిన ద్రవాలు తీగ మీద నల్లని అట్ట కడతాయి. ఆ మాడు వత్తిది కాదు, కాయిల్‌ది.

పత్తి ఎంపికలో ఒక తిరకాసు ఉంది. చేలో తీసిన దూదికి సహజమైన మైనపు పూత ఉంటుంది. దేవుడి దగ్గర నువ్వుల నూనె దీపానికి ఆ పూత అడ్డు కాదు, నూనెకూ మైనానికీ పొత్తు కుదురుతుంది. నీటి మీద మాత్రం అదే దూది తేలుతుంది. గ్లిసరిన్, గ్లైకాల్ నీటి తరహా ద్రవాలు. అందువల్ల మైనం పోయేలా క్షారంలో ఉడికించి శుభ్రం చేసిన దూదే ఈ-సిగరెట్ వత్తికి పనికొస్తుంది. ఆసుపత్రులు వాడే దూది అలాంటిదే.

మాడు రుచి వచ్చిందంటే రసాయనం మారిందన్నమాట. అతివేడికి గ్లిసరిన్ విడిపోయి ఎక్రోలీన్, గ్లైకాల్ విడిపోయి ఫార్మాల్డిహైడ్ ఇస్తాయి. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన లేఖ 5 వోల్టుల దగ్గర ఫార్మాల్డిహైడ్ సంబంధిత పదార్థాలు కనిపించాయనీ, 3.3 వోల్టుల దగ్గర కనిపించలేదనీ చెప్పింది. అదే ఏడాది గ్రీసు పరిశోధకుడు ఫర్సాలినోస్ బృందం ఆల్డిహైడ్లు భారీగా పుట్టేది వత్తి ఎండిన స్థితిలోనేననీ, అలవాటున్నవారు ఆ రుచిని గుర్తుపట్టి మానుకుంటారనీ వాదించింది. మాడు రుచి లేకపోయినంత మాత్రాన ఆ ఆవిరి నిరపాయకరం కాదు. అందులో నికోటిన్ ఉంటే వ్యసనమూ ఉంటుంది.

ఈ వాదం తేలకముందే భారతదేశంలో అంగడి మూతపడింది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన, నిల్వలను నిషేధించాయి. తొలి నేరానికి ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వాడేవారికి నేరుగా శిక్ష చెప్పలేదు. అయితే చట్టం ఇచ్చిన నిర్వచనం ప్రకారం పరికరాన్నీ దాని భాగాలనూ తయారుచేయడం, కూర్చడం కూడా నిషేధించిన ఉత్పత్తి కిందికే వస్తాయి.