బాలల్లో వ్యాయామం – గుండె, నాడీ వ్యవస్థ: పరిశోధన చరిత్ర

ఆటలు, పరుగు, ఈత వంటి శరీర శ్రమ ఎదిగే పిల్లల గుండెపైనా, దాని లయను అదుపుచేసే నాడులపైనా చూపే ప్రభావం గురించిన అధ్యయనమిది. పిల్లల గుండె శ్రమకు తట్టుకోలేదన్న అనుమానంతో మొదలై, శ్రమ లేకపోవడమే హానికరమన్న నిర్ధారణకు చేరింది.

తొలి అభిప్రాయాలు

1879లో జర్మన్ వైద్యుడు బెనెకె పిల్లల గుండె ఘనపరిమాణాన్నీ, పెద్ద ధమనుల చుట్టుకొలతనూ కొలిచాడు. గుండె పెరిగినంతగా ధమనులు పెరగవన్న భావన ఈ కొలతల నుంచే పుట్టి పాఠ్యపుస్తకాలకెక్కింది. దాంతో పిల్లలకు కఠిన వ్యాయామం తగదని చాలాకాలం నమ్మారు. ధమని సామర్థ్యాన్ని చుట్టుకొలతతో కాక అడ్డుకోత వైశాల్యంతో అంచనా కట్టాలని చూపి, 1937లో పీటర్ కార్పోవిచ్ ఈ వాదాన్ని ఖండించాడు.

గుండె సామర్థ్యం

1938లో అమెరికాలో సిడ్ రాబిన్సన్ ఆరేళ్ల బాలుర నుంచి వృద్ధుల దాకా ట్రెడ్‌మిల్‌పై పరీక్షించాడు. 1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆస్ట్రాండ్ 4 నుంచి 33 ఏళ్ల వారి శ్రమ సామర్థ్యాన్ని పరిశీలించాడు. శ్రమించేటప్పుడు పిల్లల గుండె ఒక్కో స్పందనకు పెద్దలకన్నా తక్కువ రక్తాన్నే పంపినా, వేగంగా కొట్టుకుని ఆ లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. 1970ల ఆరంభంలో లూసియానా రాష్ట్రంలో జెరాల్డ్ బెరెన్సన్ మొదలుపెట్టిన బొగలూసా అధ్యయనం, ధమనుల్లో కొవ్వు పేరుకోవడం బాల్యంలోనే ఆరంభమవుతుందని తేల్చింది. దీంతో బాల్యంలో వ్యాయామానికి వైద్యపరమైన ప్రాధాన్యం వచ్చింది.

నాడీ వ్యవస్థ

విశ్రాంతిలో వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. శ్రమలో సహానుభూత నాడులు పెంచుతాయి. ఈ రెండింటి సమతూకాన్ని గుండె స్పందనల మధ్య వ్యవధిలోని హెచ్చుతగ్గులను బట్టి అంచనా వేస్తారు. ఆ కొలతలకు 1996లో అంతర్జాతీయ ప్రమాణాలు ఏర్పడ్డాయి. 1997లో జార్జియా రాష్ట్రంలో బెర్నార్డ్ గుటిన్ బృందం ఊబకాయ పిల్లలకు నాలుగు నెలలు వ్యాయామం చేయించగా ఈ సమతూకం మెరుగుపడింది. వ్యాయామం మానాక వెనక్కి మళ్లే ధోరణి కనబడింది.

వ్యాయామ ప్రభావాన్ని మెదడు పనితీరుపైనా పరిశీలించారు. 2014లో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన చార్లెస్ హిల్‌మన్ బృందం 7–9 ఏళ్ల పిల్లలకు బడి అయ్యాక తొమ్మిది నెలలు వ్యాయామం చేయించింది. వారిలో ఏకాగ్రత, అనవసర స్పందనలను నిగ్రహించుకునే శక్తి పెరిగాయి.

మార్గదర్శకాలు

5–17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి శ్రమ, వారంలో కనీసం మూడు రోజులు కండరాలనూ ఎముకలనూ బలపరిచే వ్యాయామం అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. 2016 నాటి గణాంకాల ప్రకారం ప్రపంచంలో బడికెళ్లే 11–17 ఏళ్ల వారిలో 81 శాతం మంది రోజుకు గంట శ్రమ కూడా చేయడం లేదు.