అయిదేళ్ళలోపు పిల్లలతో విహారయాత్ర: సరిహద్దు జిల్లాల కుటుంబాలకు తక్కువ ఖర్చు మార్గాలు

పసిపిల్లలున్న ఇంట విహారయాత్ర ప్రస్తావన రాగానే పెద్దల నోట సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. పిల్లలు కాస్త పెద్దవారయ్యాక వెళ్ళవచ్చునన్నది ఒకటి, వేసవి సెలవులు రానివ్వమన్నది మరొకటి. ఖర్చు దృష్టితో చూస్తే ఈ రెండు సలహాలూ నష్టదాయకమైనవే. అయిదేళ్ళు నిండని బిడ్డకు రైలులో విడిగా బెర్తు కోరనంత వరకు టికెట్టు అవసరం లేదు. బడి లేదు గనుక పరీక్షలు, సెలవుల పట్టికలు ఆ బిడ్డను కట్టిపడవేయవు. ఊరంతా కదిలే మే నెలలో, దసరా, సంక్రాంతి రోజులలో రెట్టింపు అద్దెలు చెల్లించి గదులకోసం తిరగవలసిన అగత్యం పసివాళ్ళ తల్లిదండ్రులకు లేదు. ఈ స్వేచ్ఛ నాలుగైదేళ్ళకంటె ఎక్కువ కాలం నిలవదు. పిల్లవాడు ఒకటవ తరగతిలో చేరిన నాటినుండి ఆ కుటుంబమూ అందరితోపాటు వేసవి రద్దీలో నిలబడవలసినదే.

బళ్ళారి, హోసూరు, బరంపురం, కొరాపుట్, సోలాపూరు, యానాం వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంకొక అనుకూలత ఉన్నది. నాలుగు గంటల ప్రయాణంలో రెండు రాష్ట్రాల విహారస్థలాలు అందుబాటులో ఉంటాయి. అయితే సరిహద్దు దాటిన మరుక్షణం బస్సు రాయితీలు మారిపోతాయి. ఈ సంగతి ముందుగా తెలియక దారిఖర్చు అంచనా తప్పేవారు తక్కువమంది కారు.

ఏ కాలంలో, ఎన్నాళ్ళు

దక్షిణాదిన పసిపిల్లలతో తిరగడానికి నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు అనువైన కాలం. రాయలసీమ, బళ్ళారి, సోలాపూరు ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలల ఎండ పెద్దలకే దుస్సహం. చిన్నపిల్లల శరీరంలో నీరు త్వరగా తగ్గిపోతుంది. ఆ నెలలలో యాత్ర చేస్తే గదిలో ఏ.సి. తప్పనిసరి అవుతుంది, తిరగడానికి అద్దెకారు కావలసివస్తుంది. వేసవి ప్రయాణం ఖరీదు కావడానికి రద్దీతోపాటు ఇదొక కారణం. శీతకాలంలోనైనా శని ఆదివారాలను తప్పించి, సోమవారం బయలుదేరి గురువారానికి ఇల్లు చేరే విధంగా ఏర్పాటు చేసుకుంటే గదులు సులువుగా దొరుకుతాయి. ఎల్.కె.జి.లో మూడు రోజుల హాజరు తగ్గినంత మాత్రాన పిల్లల చదువుకు వాటిల్లే లోటేమీ లేదు. ఉద్యోగస్తులకు సెలవు దొరకడమే అసలు సమస్య.

యాత్రకు మూడు రోజులు, రెండు రాత్రులు చాలును. నాలుగు ఊళ్ళు చుట్టబెట్టే పథకం పసివాళ్ళకు పనికిరాదు. ప్రతి మకాం మార్పుకూ సామాను కూలి, ఆటోలు, సగం రోజు వృథా కావడం ఉంటాయి. పైగా కొత్త గదిలో మొదటి రాత్రి పిల్లలు సరిగా నిద్రపోరు. రెండో రాత్రి అదే గదిలో హాయిగా పడుకుంటారు. ఒకే ఊళ్ళో ఉండి, పొద్దున ఒక చోటు, సాయంత్రం మరొక చోటు చూపి, మధ్యాహ్నం పన్నెండునుండి నాలుగు వరకు గదిలో నిద్రపుచ్చడమే అనుభవజ్ఞులైన తల్లులు పాటించే పద్ధతి.

రైలు నియమాలు

అయిదేళ్ళు నిండనివారికి బెర్తు అడగకపోతే ఛార్జీ లేదు. బెర్తు కావాలంటే పెద్దల ఛార్జీ పూర్తిగా చెల్లించాలి. అయిదునుండి పన్నెండేళ్ళలోపు వారి విషయంలో 2016 ఏప్రిల్ 21 నుండి నియమం మారింది. వారికి బెర్తు తీసుకుంటే పూర్తి ఛార్జీ, బెర్తు లేకుండా తల్లిదండ్రులతో సర్దుకుంటే సగం ఛార్జీ. మూడేళ్ళ బిడ్డ, ఆరేళ్ళ బిడ్డ ఉన్న దంపతులు స్లీపరు తరగతిలో ఇద్దరు పిల్లలనూ తమ బెర్తులలోనే సర్దుకుంటే మొత్తం ఖర్చు రెండున్నర టికెట్లు. పిల్లలకూ బెర్తులు తీసుకుంటే నాలుగు. రాత్రి ప్రయాణం తప్పనప్పుడు ఆరేళ్ళ బిడ్డకు బెర్తు తీసుకోవడం వృథా ఖర్చు కాదు. పగటిపూట నాలుగైదు గంటల ప్రయాణానికి మాత్రం అక్కరలేదు. అయిదో పుట్టినరోజు సమీపిస్తున్న బిడ్డ ఉంటే తిరుగు ప్రయాణం కూడా ఆ తేదీకి ముందే ముగిసేలా చూసుకోవాలి. పుట్టిన తేదీ పత్రం నకలు సంచిలో ఉండటం మంచిది.

రిజర్వేషను గడువు 2024 నవంబరు 1 నుండి 120 రోజులకు బదులు 60 రోజులకు తగ్గింది. నాలుగు నెలల ముందే టికెట్టు కొనిపెట్టే పాత అలవాటు ఇప్పుడు సాగదు. పసిపిల్లలకు ఎప్పుడు జ్వరం వచ్చేదీ తెలియదు గనుక ఈ మార్పు వారి తల్లిదండ్రులకు నిజానికి మేలే చేసింది. గర్భిణులకు, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకు, వృద్ధులకు కింది బెర్తులలో కోటా ఉన్నది. అమ్మమ్మనో నానమ్మనో వెంట తీసుకువెళితే కింది బెర్తు దక్కే అవకాశం పెరుగుతుంది, బిడ్డను చూసుకునే చేతులూ పెరుగుతాయి. పెట్టెలోని మొబైల్ ఛార్జింగ్ ప్లగ్గులో విద్యుత్ కెటిల్ పెట్టడం నిషిద్ధం. పాలపొడి కలపడానికి వేడినీళ్ళు ఫ్లాస్కులో ఇంటినుండే తీసుకువెళ్ళాలి.

బస్సులు, సరిహద్దులు

కర్ణాటక బస్సులలో ఆరేళ్ళలోపు పిల్లలకు టికెట్టు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు ప్రభుత్వ బస్సులలో అయిదేళ్ళలోపు వారికే ఆ వెసులుబాటు. అయిదున్నరేళ్ళ బిడ్డ బళ్ళారిలో ఉచితంగా ఎక్కి, గుంతకల్లులో ఆంధ్ర బస్సు మారగానే అరటికెట్టు ప్రయాణికుడవుతాడు.

స్త్రీల ఉచిత ప్రయాణం విషయంలో తికమక ఇంకా ఎక్కువ. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11న, తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలయ్యాయి. ఈ మూడూ ఆయా రాష్ట్రాల నివాసులకే వర్తిస్తాయి, గుర్తింపు పత్రం చూపాలి. బళ్ళారి చిరునామాతో ఆధార్ ఉన్న తెలుగు గృహిణికి హొసపేటె వరకు సాధారణ బస్సులో టికెట్టు ఉండదు. ఆమే అనంతపురం వెళ్ళాలంటే డబ్బు చెల్లించవలసినదే. మహారాష్ట్రలో 2023 మార్చి నుండి రాష్ట్ర రవాణా సంస్థ బస్సులలో స్త్రీలకు సగం ఛార్జీ. అది కూడా రాష్ట్రం ఎల్లలలోపలే. తమిళనాడులో 2021 నుండి స్త్రీలకు సాధారణ టౌను బస్సులు ఉచితం. కనుక తల్లి, చంటిబిడ్డ, అత్తగారు కలిసి వెళ్ళే యాత్రకు సొంత రాష్ట్రంలోని స్థలం, తండ్రి కూడా ఉండి దూరం ఎక్కువైతే రైలు లాభసాటి.

ఎక్కడికి

బళ్ళారి వారికి హొసపేటెను మించిన మకాం లేదు. సుమారు 60 కిలోమీటర్ల దూరం. రైళ్ళు, బస్సులు రెండూ ఉన్నాయి. అక్కడినుండి హంపి 13 కిలోమీటర్ల లోపే. హంపిలో అన్నీ చూపాలన్న పట్టుదల మానుకోవాలి. ఎగుడుదిగుడు బండలమీద తోపుడుబండి నడవదు, బిడ్డను ఎత్తుకునే తిరగాలి. కమల మహలు, ఏనుగుల శాల ఉన్న ఆవరణలో పచ్చిక ఉన్నది, పిల్లలు పరుగెత్తడానికి చోటున్నది. ఒక ఉదయానికి అదొక్కటే చాలును. విఠ్ఠలాలయానికి కడపటి దారిలో బ్యాటరీ బండ్లు నడుస్తాయి, వాటికోసం వరుసలో నిలబడవలసి ఉంటుంది గనుక పొద్దున్నే చేరుకోవాలి. పురావస్తు శాఖ కట్టడాలలో 15 ఏళ్ళలోపు వారికి ప్రవేశ రుసుము లేదు. కమలాపుర దగ్గర జంతు ప్రదర్శనశాల, తుంగభద్ర ఆనకట్ట దిగువన ఉద్యానవనం సాయంత్రాలకు సరిపోతాయి. శిల్పసంపద పెద్దల ఆనందానికే. మూడేళ్ళ బిడ్డకు గుర్తుండేది కోతులే. చేతిలో అరటిపండుతో మాత్రం వారిని వదలరాదు.

కొరాపుట్, జయపురం వాసులకు కొత్తవలస - కిరండూల్ మార్గంలోని రైలే ఒక వినోదం. ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలంతా కేకలు వేస్తారు. ఆ ఆనందానికి అద్దాల పెట్టె అవసరం లేదు, మామూలు పెట్టెలో కిటికీ దగ్గర చోటు చాలును. అరకులో పద్మాపురం తోటలోని బొమ్మరైలు, గిరిజన మ్యూజియం చిన్నపిల్లలకు తగినవి. బొర్రా గుహలలో మెట్లు ఎక్కువ, తడిగా ఉంటాయి, గబ్బిలాలకు కొందరు పిల్లలు జడుసుకుంటారు. రెండేళ్ళలోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులలో ఒకరు బయట ఉండి, వంతులవారీగా చూసి రావడం మేలు. డిసెంబరు, జనవరిలలో రాత్రి చలి తీవ్రం. ఉన్ని టోపీ, మేజోళ్ళు తప్పనిసరి. ఏజెన్సీ ప్రాంతంలో మలేరియా భయం ఉన్నది గనుక దోమతెర సొంతంగా తీసుకువెళ్ళాలి.

బరంపురం వారి ఇంటిముంగిటే 16 కిలోమీటర్లలో గోపాలపురం ఉన్నది. అక్కడి సముద్రం చూడడానికే, పిల్లల స్నానానికి కాదు. తీరం ఒక్కసారిగా లోతవుతుంది, అలలు కాళ్ళను లాగివేస్తాయి. దానికి బదులు చిల్కా ఒడ్డున రంభ మంచి మకాం. హౌరా - చెన్నై మార్గంలో స్టేషను, ఒడిశా పర్యాటక సంస్థవారి పంథనివాస్ ఉన్నాయి. చలికాలంలో వలసపక్షులు వస్తాయి. పడవ ప్రయాణం గంటకు మించకుండా మాట్లాడుకోవాలి. పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్ లేకపోతే ఎక్కరాదు. పెద్దల జాకెట్ తొడిగితే బిడ్డ నీళ్ళలో అందులోంచి జారిపోతుంది.

సోలాపూరు తెలుగువారు రైలులో విజయపుర వెళ్ళి గోల్ గుంబజ్ చూడవచ్చు. పైనున్న ప్రతిధ్వని వసారాకు మెట్లు నిటారుగా ఉంటాయి. కింది తోట పిల్లలకు చాలును. కోలారు, చిక్కబళ్ళాపుర జిల్లాల వారికి మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండలు ఊటీకంటె చౌక, సుమారు 1,265 మీటర్ల ఎత్తు. ఊటీ, కొడైకెనాల్‌లకు సొంత వాహనంలో వెళ్ళేవారు 2024 మే 7 నుండి ఇ-పాస్ తీసుకోవాలి, బస్సులో వెళితే ఆ బెడద లేదు. హోసూరువారికి దగ్గరైన హొగెనకల్‌లో జలపాతాన్ని ఒడ్డునుండి చూపవచ్చు. పసిబిడ్డతో పుట్టి ఎక్కడం వివేకం కాదు. యానాం వారికి గోదావరి ఒడ్డు, కోరంగి మడ అడవుల చెక్కబాట ఒక్క రోజులో తీరే యాత్ర, గది అద్దె కూడా మిగులుతుంది.

పుట్టువెంట్రుకల మొక్కు ఎలాగూ తీర్చవలసినదే గనుక చాలామంది ఆ ప్రయాణాన్నే విహారంగా మలచుకుంటారు. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం ద్వారా ప్రత్యేక ప్రవేశం ఉన్నది, జనన పత్రం, ఆధార్ చూపాలి. ఏడాది నిండితే ఆ అవకాశం పోతుంది. తిరుపతిలోని శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు మరొక పూట కేటాయించవచ్చు.

బస, భోజనం, మందులు

మొత్తం ఖర్చులో గది అద్దె, బయటి తిండి కలిసి ప్రయాణపు ఛార్జీని మించిపోతాయి. పొదుపు చేయవలసినది అక్కడే. గది అడిగేటప్పుడు అదనపు మంచం వద్దని, పరుపు ఒకటి నేలమీద వేయమని చెప్పాలి. పసివాళ్ళు మంచంమీదనుండి పడే భయమూ ఉండదు. కింది అంతస్తు, వేడినీళ్ళు, బిడ్డకు జ్వరం వస్తే రద్దు చేసుకునే వీలు, ఈ మూడింటినీ ముందే అడిగి తెలుసుకోవాలి. రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె గల గదులపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుండి 5 శాతం. బిల్లులో అంతకుమించి వేస్తే ప్రశ్నించవచ్చు.

రాగిపిండి, వేయించిన పెసరపప్పు కలిపిన బియ్యపు రవ్వ, అటుకులు, బొరుగులు, బెల్లం ఇంటినుండి తీసుకువెళితే పిల్లల రెండు పూటల తిండి గడిచిపోతుంది. గదిలో కెటిల్ ఉంటే వేడినీళ్ళతోనే అటుకుల జావ తయారవుతుంది. మధ్యాహ్నం హోటలులో పెద్దలకు తెప్పించిన భోజనంలోని పప్పు, పెరుగన్నం పిల్లలకు సరిపోతుంది, కారం లేకుండా విడిగా వడ్డించమని అడగాలి.

మందుల సంచిలో మొదటిది ఓ.ఆర్.ఎస్. పొట్లం. పెద్ద పొట్లాన్ని సగం సగం వాడరాదు. పూర్తి లీటరు నీళ్ళలో ఒకేసారి కలిపి, 24 గంటలు దాటితే పారబోయాలి. ఓ.ఆర్.ఎస్. పేరుతో తీపి పానీయాలు అమ్మరాదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది, కనుక కొనేటప్పుడు ఔషధపు పొట్లమేనా అని చూసుకోవాలి. విరేచనాలలో జింకు మందు కూడా అవసరం, మోతాదు వైద్యుడు చెప్పాలి. రైలులో నిద్రపోతారని కొందరు పిల్లలకు జలుబు మందు పడుతుంటారు. ఇది ప్రమాదకరమైన అలవాటు. కొన్ని జలుబు మందుల మిశ్రమాలను నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ స్పష్టం చేసింది.

రద్దీగా ఉండే చోట్ల బిడ్డ జేబులో తండ్రి ఫోను నంబరు రాసిన చీటీ ఉంచాలి. చీటీమీద ఇంటి భాషతోపాటు వెళుతున్న రాష్ట్రపు లిపిలోనూ రాయడం అవసరం. అక్కడి పోలీసుకో దుకాణదారుకో తెలుగు చదవడం రాకపోవచ్చు. తప్పిపోయిన పిల్లలకోసం 1098, రైలులో సహాయానికి 139, అంబులెన్సుకు 108.