కోకో బైండింగ్స్
మ్యాక్ డెస్క్‌టాప్ అప్లికేషన్లలో తెర మీది పట్టికలాంటి అంశాలను, వాటి వెనకున్న డేటాను ముడివేసే ఏర్పాటు. ఆపిల్ సంస్థ 2003లో మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.3తో ప్రవేశపెట్టింది. అంతకుముందు వరసలెన్ని, ఏ గడిలో ఏముంది అని పట్టికను చూపే టేబుల్ వ్యూ అడిగే ప్రతి ప్రశ్నకూ ప్రోగ్రామరే కోడ్‌లో జవాబు రాయాల్సి వచ్చేది. బైండింగ్స్‌లో ఆ పని ఎన్‌ఎస్‌అర్రేకంట్రోలర్ చూసుకుంటుంది. తెరను రూపొందించే సాధనమైన ఇంటర్‌ఫేస్ బిల్డర్‌లో ఒక్కో నిలువు వరసను ఆబ్జెక్టులోని ఒక్కో లక్షణానికి కలిపితే చాలు. గడిలో దిద్దిన విలువ నేరుగా ఆబ్జెక్టులోకి చేరుతుంది.

ఆరన్ హిల్లెగాస్ పాఠ్యపుస్తకంలోని రెయిజ్‌మ్యాన్ అనే ఉద్యోగుల జీతాల పెంపు పట్టికతో చాలామంది దీన్ని నేర్చుకున్నారు. కోడ్ తగ్గుతుంది గానీ, తప్పు పట్టుకోవడం కష్టం. లక్షణం పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా కంపైలర్ నోరు మెదపదు, ప్రోగ్రామ్ నడిచేటప్పుడే బయటపడుతుంది. కంట్రోలర్‌కు తెలియకుండా అర్రేలో నేరుగా ఒక ఆబ్జెక్టును చేరిస్తే పట్టికలో కొత్త వరస కనిపించదు. కొత్తవాళ్లు గంటలకొద్దీ తల పట్టుకునేది ఇక్కడే. లక్షణం విలువ మారినప్పుడు కబురందించే కీ-వేల్యూ అబ్జర్వింగ్ ముందుగా అర్థమైతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఐఫోన్‌కు ఈ సదుపాయం రాలేదు. 2019లో వచ్చిన ఆపిల్ ఇంటర్‌ఫేస్ ఫ్రేమ్‌వర్క్ స్విఫ్ట్‌యూఐ బైండింగ్‌ను వేరే పద్ధతిలో అందించింది.