ముందు హెల్మెట్, తర్వాతే సైకిల్: ఈ రూల్ వెనక ఉన్న కథ

నా ఫస్ట్ స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో ఏం జరిగిందో చెప్తా. 750 మీటర్లు ఈది, ఊపిరి అందక బయటికొచ్చా. పరిగెత్తుకెళ్లి స్టాండ్ మీంచి సైకిల్ లాగేశా. రిఫరీ అన్న ఆపేశాడు. "తమ్ముడూ, సైకిల్ అక్కడే పెట్టు. ముందు హెల్మెట్ పెట్టి బకిల్ వెయ్, అప్పుడు ముట్టుకో."

నాకు మండింది. ఇంకా సైకిల్ ఎక్కనే లేదు కదా! కానీ రూల్ అదే. తిరిగొచ్చాక కూడా సైకిల్‌ని స్టాండ్‌లో పెట్టాకే బకిల్ తీయాలి. ఇంత పట్టుదల ఎందుకని చరిత్ర తవ్వడం మొదలుపెట్టా.

ఒకప్పుడు రేసుల్లో వాడింది తోలు పట్టీల టోపీ. పెద్ద దెబ్బకి అది ఆగదు. 1975లో అమెరికాలో బెల్ కంపెనీ "బెల్ బైకర్" తెచ్చింది. పైన గట్టి డిప్ప, లోపల ఈపీఎస్ ఫోమ్. అంటే మన టీవీ డబ్బాలో వచ్చే థర్మకోలే! తల నేలకి తగిలినప్పుడు ఆ ఫోమ్ నలిగిపోతూ దెబ్బ తీవ్రతని తను తీసుకుంటుంది. ఒకసారి నలిగితే మళ్లీ ఉబ్బదు. అందుకే గట్టిగా పడ్డాక, పైకి బాగానే కనిపించినా ఆ హెల్మెట్ పనైపోయినట్టే. సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దు అనేది కూడా ఇందుకే.

అంటే వస్తువు 1975కే ఉంది. మరి ప్రొఫెషనల్స్ పెట్టుకున్నారా? లేదు. 1991లో అంతర్జాతీయ సైక్లింగ్ సంస్థ యూసీఐ తప్పనిసరి చేయబోతే రైడర్లే ఎదురు తిరిగారు, సంస్థ వెనక్కి తగ్గింది. ఎండకి ఉడికిపోతున్నాం అన్నారు. సాకు అనలేం, జులై ఎండలో కొండలెక్కేవాళ్లకి అది నిజమైన బాధే.

1995 జులై 18. టూర్ డి ఫ్రాన్స్. పిరనీస్ పర్వతాల్లో పోర్టె దాస్పే కనుమ దిగుతుండగా కొందరు రైడర్లు పడిపోయారు. వాళ్లలో ఫాబియో కసార్తెల్లి ఒకడు. ఇటలీ కుర్రాడు, 1992 బార్సిలోనా ఒలింపిక్స్ రోడ్ రేసులో గోల్డ్ మెడలిస్ట్, వయసు 24. తలకి దెబ్బ తగిలింది, హెల్మెట్ లేదు. చనిపోయాడు. హెల్మెట్ ఉంటే బతికేవాడా అని డాక్టర్లే వాదించుకున్నారు. మర్నాడు ఎవరూ పోటీ పడలేదు, అందరూ కలిసి నెమ్మదిగా తొక్కారు.

అయినా రూల్ రాలేదు. ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది! 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్తాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్, 29 ఏళ్లు, పడి మర్నాడు చనిపోయాడు. అతనికీ హెల్మెట్ లేదు. ఆ మే నెలలో యూసీఐ తప్పనిసరి చేసింది. అప్పుడు కూడా రేసు చివర్లో పెద్ద కొండ ఉంటే తీసేయొచ్చని సడలింపు ఇచ్చింది. తర్వాత అదీ పోయింది.

ఇదంతా చదివాక ఆ రిఫరీ అన్న మీద కోపం పోయింది. ఈత కొట్టొచ్చినవాడి చేతులు వణుకుతుంటాయి, బుర్ర పనిచేయదు. "తర్వాత పెట్టుకుందాంలే" అనుకున్నవాడు బకిల్ వేయకుండానే రోడ్డెక్కేస్తాడు.

మొదటి రేసుకి రెడీ అవుతున్నవాళ్లు ఇంట్లోనే తడి చేతులతో బకిల్ వేసి చూడండి, ఒక ఇరవై సార్లు. నాకు మొదట్లో ప్రతిసారీ జారిపోయేది. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లకి మించి దూరకూడదు. హైదరాబాద్ వాళ్లయితే ఓఆర్ఆర్ పక్కన సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు ఉంది. స్ప్రింట్‌లో తొక్కాల్సింది 20. సరిపోద్ది.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో ట్రయాథ్లాన్ వాళ్ల హ్యాండిల్ బార్ పెట్టుకుని 1989 టూర్‌ని 8 సెకన్ల తేడాతో కొట్టేసిన గ్రెగ్ లెమాండ్ కథ. ఉంటా మరి.