పురి విప్పే ఎంజైము

దెందులూరు దాటి కొల్లేరు వైపు వెళ్తే చేపల చెరువులు, రొయ్యల చెరువులే. ఎగుమతి రొయ్యల సాగులో వాడకూడదని సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా నిషేధించిన మందుల జాబితాలో నాలిడిక్సిక్ ఆమ్లం, ఫ్లోరోక్వినొలోన్లు రెండూ ఉంటాయి. రెండూ పడగొట్టేది బ్యాక్టీరియాలోని గైరేజ్ అనే ఎంజైమునే. ఆ ఎంజైము చుట్టాలు మన ఒంట్లోనూ ఉన్నాయి.

రెండు పేటల పలుపుతాడు కొసను గుంజకు కట్టి, ఇవతలి కొసన పేటలు విడదీస్తూ పోండి. విడిపోయిన కొద్దీ ముందున్న తాడు బిగుసుకుని మెలికలు పడుతుంది. డీఎన్‌ఏదీ ఇదే బాధ. మనిషి కణం ఒక్కోదానిలో దాదాపు 2 మీటర్ల పోగు, సుమారు పదిన్నర క్షార జంటలకొక చుట్టు. నకలు తీయాలంటే ఆ పురి అంతా విప్పాలి. తెంచి అతికితే తప్ప సాగదని మాక్స్ డెల్‌బ్రుక్ 1954లోనే ఊహించాడు. తెంచేదెవరో తేలడానికి ఇంకా పదిహేడేళ్లు పట్టింది. 1971లో జేమ్స్ వాంగ్ ఇ.కోలై బ్యాక్టీరియాలో ఆ పని చేసే ఎంజైమును పట్టుకున్నాడు. మరుసటి ఏడు షాంపో, డల్బెకో ఎలుక కణాల్లోనూ చూపించారు. వీటికే టోపోఐసోమెరేజ్‌లని పేరు; గైరేజ్ కూడా ఈ కుటుంబానిదే.

మన కణాల్లో మొదటి రకం ఒక్క పేటనే కోస్తుంది. తెగిన కొసను గాలికి వదిలెయ్యదు, తనలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి అంటించుకుని ఉంచుతుంది. పురి సడలాక మళ్లీ అతికేస్తుంది. ఇంత పనికీ కణం ఇంధనమైన ఏటీపీ ఖర్చు లేదు! రెండో రకానికి మాత్రం ఏటీపీ కావాలి. అది రెండు పేటలూ కోసి, ఆ సందులోంచి ఇంకో పోగును దాటించి, తలుపు మూసేస్తుంది. కణం రెండుగా చీలే ముందు పెనవేసుకున్న నకళ్లను విడదీసేది ఇదే.

గండమంతా కోతకూ అతుకుకూ మధ్యనున్న ఆ క్షణంలో. ఎటోపొసైడ్ లాంటి క్యాన్సర్ మందులు అతుకు పడనివ్వవు. తెగిన డీఎన్‌ఏతో కణం చచ్చిపోతుంది. విచిత్రమేమిటంటే, మందులు ముందు దొరికాయి, గుట్టు ఆనక తెలిసింది. చైనా చెట్టు నుంచి తీసిన క్యాంప్టోథెసిన్ నిర్మాణం 1966లో తేలితే, అది మొదటి రకం ఎంజైమును పట్టుకుంటుందని 1985లో గానీ తెలియలేదు. నాలిడిక్సిక్ ఆమ్లమైతే మలేరియా మందు క్లోరోక్విన్ తయారీలో పక్కన మిగిలిన పదార్థం నుంచి పుట్టింది. దాని కథ 1962లో మొదలైంది, గైరేజ్ 1976లో బయటపడింది.

ఆ సంతతికి చెందిన ఫ్లోరోక్వినొలోనే మన మందుల షాపుల్లోని సిప్రోఫ్లాక్సాసిన్. మామూలు మోతాదులో అది గైరేజ్‌ను పట్టినంతగా మన ఎంజైములను పట్టదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గరి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి వదిలే నీళ్లను పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది. మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా అది ఎక్కువ. మందు తగిలినా బతికి బట్టకట్టే బ్యాక్టీరియాలో తరచూ జరిగేదేమిటంటే, గైరేజ్‌లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలు మారతాయి. కోత, అతుకు యథాప్రకారం సాగుతాయి, మందు పట్టే జారిపోతుంది.