ఆందోళన తగ్గించే మందులు: ఆలోచన, జ్ఞాపకశక్తి

ఆందోళనకు వాడే మందుల్లో జ్ఞాపకశక్తిని ఎక్కువగా దెబ్బతీసేవి బెంజోడయజెపైన్లు. అల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోనజెపామ్, లోరాజెపామ్ ఈ కోవలోవి. వాడుకలో వీటిని నిద్రమాత్రలంటారు. ఇవి పాత జ్ఞాపకాలను చెరపవు. మందు పనిచేస్తున్నంతసేపు కొత్త సంగతులు మనసులో నిలవనివ్వవు.

చరిత్ర, పనితీరు

హాఫ్‌మన్-లా రోష్ కంపెనీలో లియో స్టెర్న్‌బాక్ కనుగొన్న క్లోర్‌డయజెపాక్సైడ్ 1960లో లిబ్రియంగా, డయాజెపామ్ 1963లో వేలియంగా మార్కెట్లోకి వచ్చాయి. మెదడు ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనానికి బెంజోడయజెపైన్లు బలం చేకూరుస్తాయి. భయాన్ని నడిపే అమిగ్డలాలోనూ, జ్ఞాపకాలను నమోదుచేసే హిప్పోకాంపస్‌లోనూ గాబా గ్రాహకాలు ఉన్నాయి. అందుకే ఊరటతోపాటు మరుపూ వస్తుంది.

ప్రభావం

మాత్ర వేసుకున్నాక విన్న మాట, చేసిన పని మర్నాటికి గుర్తుండకపోవచ్చు. ఏకాగ్రత, చురుకుదనం తగ్గుతాయి. చిన్ననాటి సంగతులు, ఇదివరకే వచ్చిన ఈత, సైకిలు తొక్కడం వంటివి మరిచిపోరు. ఎండోస్కోపీకి ముందు ఇదే కోవలోని మిడజోలామ్ ఇచ్చినప్పుడు ఈ మరుపే రోగికి మేలు చేస్తుంది. మోతాదు పెరిగినా, మద్యం తోడైనా ప్రభావం తీవ్రమవుతుంది. డయాజెపామ్ శరీరంలో రోజుల తరబడి ఉంటుంది కనుక వృద్ధుల్లో మగత, అయోమయం, తూలిపడి ఎముకలు విరగడం ఎక్కువ. దీర్ఘకాలం వాడితే మతిమరుపు వ్యాధి వస్తుందా అన్నదానిపై పరిశోధనలు ఒకే మాట చెప్పడంలేదు. మందు మానాక జ్ఞాపకశక్తి క్రమంగా మెరుగవుతుంది. ఏళ్లపాటు వాడినవారికి నెలలు పట్టవచ్చు.

ఆందోళనకే వాడే ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి వేరే కోవ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కానీ ఇలాంటి మరుపు సాధారణంగా రాదు. దీర్ఘకాలిక ఆందోళనకు వైద్యులు ముందుగా వీటిని ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణం.

కల్తీ కల్లు

తెలంగాణలో మత్తు కోసం కల్లులో అల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలపడం చాలాకాలంగా ఉంది. 2015లో అధికారుల దాడులవల్ల కల్తీ కల్లు దొరక్కపోవడంతో అలవాటుపడ్డవారు మూర్ఛలతో, భ్రాంతులతో మహబూబ్‌నగర్, నిజామాబాద్, హైదరాబాద్ ఆసుపత్రుల్లో చేరారు. ఈ మందులను ఒక్కసారిగా ఆపడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది. వైద్యుడి పర్యవేక్షణలో మోతాదును కొద్దికొద్దిగా తగ్గించాలి.

నియంత్రణ

2014 మార్చి 1 నుంచి అల్ప్రజోలామ్, డయాజెపామ్, నిద్రకు వాడే జోల్పిడెమ్ ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 కిందికి వచ్చాయి. చీటీ రాసిన వైద్యుడు, రోగి, మందు పరిమాణం వివరాలను మందుల షాపు రిజిస్టరులో రాసి మూడేళ్లు ఉంచాలి.

కోనసీమలో

కొబ్బరి దింపు తీసేవారు, పడవ నడిపేవారు, కాలువగట్ల మీద బండి నడిపేవారు ఈ మాత్రల మగతలో పనికి దిగకూడదు. అమలాపురంలోని కిమ్స్ బోధనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. రాజోలు, కొత్తపేట వంటి చోట్లనుంచి 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు ఉచితంగా మాట్లాడతారు. ఈ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది.