తట్టి చూచిన కుండ

పలమనేరు ప్రాంతపు మట్టిపాత్రలకు మంచి పేరు కలదు. కుండను కొనువారు ముందుగా దానిని వేళ్లతో తట్టి చూతురు. ఖంగుమన్నచో గట్టిది; మొద్దుగా మ్రోగినచో బీటవారినది. అయితే ఆ తట్టు ఎంతవరకు చెప్పగలదో మనము ఎన్నడైనను ఆలోచించితిమా? బీట ఉన్నదని అది చెప్పగలదు. రేపు పొయ్యిమీద మంటకు నిలుచునని మాత్రము చెప్పజాలదు.

కంప్యూటరును నడిపించు ఆదేశముల వరుసకు ప్రోగ్రాము అని పేరు. దానిని పరీక్షించువారికిని ఇదే చిక్కు. ఈ సంగతిని నేర్పిన ఉదంతమొకటి మనకు దాపుననే, శ్రీహరికోటలో జరిగినది. ఆ దీవి అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. నేడు తిరుపతి జిల్లాలోనిది.

1993 సెప్టెంబరు 20న అచ్చట నుండి పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొట్టమొదటిసారి పైకి లేచినది. దానికి నాలుగు అంచెలు, శిరమున ఐ.ఆర్.ఎస్.-1ఇ అను ఉపగ్రహము. రెండవ అంచె విడిపోవు వేళ రాకెట్టు ఊహింపనంతగా చలించినది. దానిని సరిదిద్దుటకై కంప్యూటరు లెక్కించిన ఆదేశపు విలువ, ఏర్పరచిన గరిష్ఠ పరిమితిని దాటిపోయినది. సోలలో శేరు గింజలు పోసినట్లు లెక్క పొర్లిపోయినది. రాకెట్టు దారి తప్పినది. ఉపగ్రహము కక్ష్యను చేరక సముద్రము పాలైనది.

ప్రయోగమునకు ముందు పరీక్షలు జరుగకపోలేదు. ఆ లోపము వానికి చిక్కలేదు. పరీక్ష తప్పును చూపగలదే గాని తప్పు లేదని చూపజాలదని నెదర్లాండ్సు శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1969లోనే హెచ్చరించియుండెను. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియేన్-5 రాకెట్టు కూడ ఇట్లే, ఒక సంఖ్య తనకు కేటాయించిన చోటున పట్టక, నిమిషమైనను నిండకమునుపే నాశమైనది. పాత రాకెట్టునకు సరిపోయిన ప్రోగ్రామును కొత్తదాని వేగమునకు తగినట్లు మరల పరీక్షింపకుండుటయే అచ్చటి పొరపాటు.

మరి పరీక్షలు వ్యర్థములా? కావు. మనవారు లోపమును వెదకి పట్టిరి, సవరించిరి. 1994 అక్టోబరు 15న రెండవ పి.ఎస్.ఎల్.వి. ఐ.ఆర్.ఎస్.-పి2ను కక్ష్యలో నిలిపినది. 2008లో చంద్రయానమునకును ఆ వాహనమే ఆధారమైనది.

బయటపడిన ప్రతి తప్పును ఒక కొత్త పరీక్షగా మార్చి దాచుకొనవలెను. ప్రోగ్రామును ఏ కొంచెము మార్చినను పాత పరీక్షలన్నిటిని తిరిగి జరుపవలెను. మామూలు విలువలనే గాక, హద్దునందలి విలువను, హద్దు దాటిన విలువను కూడ ఇచ్చి చూడవలెను. విశ్వాసము ఇట్లు మెట్టుమెట్టుగా పెరుగును. మనము అడిగిన ప్రశ్నల మేరకే పెరుగును. నేడు మన బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, తుపాను హెచ్చరిక అన్నియు ప్రోగ్రాములమీదనే ఆధారపడియున్నవి. కావున కుండను ఒకచోట తట్టి ఊరకుండక, చుట్టును తట్టి చూచువారికి మనము ఋణపడియున్నాము.